వినుటయు నొక శ్రమయే

నీరు తోడుట శ్రమ, వంట చేయుట శ్రమ, బిడ్డల పెంచుట శ్రమ యని మనమందఱ మెఱుగుదుము. ఊరక కూర్చుండి యొకరి మాట వినుటయు శ్రమయే యని మాత్రము నేను మా యత్తగారివలన గ్రహించితిని.

వయసు మీఱినకొలది వారికి వినికిడి కొంత తగ్గినది. ఉదయమున నేను దగ్గఱ కూర్చుండి పలుకరించినచో చక్కగా బదులు చెప్పుదురు. సాయంకాలము చుట్టములు నలుగురు చేరి యొక్కసారిగా మాటలాడుచుండ, ఒకప్రక్క టెలివిజను మ్రోగుచుండ, కొంతసేపు విని మెల్లగా లేచి తమ గదిలోనికి పోవుదురు. “పెద్దమ్మగారికి తమకు కావలసిన మాటలే వినబడును” అని యొకరు పరిహసించిరి. నేనును నవ్వితిని. ఆ నవ్వునకు నేడు సిగ్గుపడుచున్నాను.

సాధారణమైన వినికిడి పరీక్షవలన చెవి యెంత సన్నని ధ్వనిని పట్టగలదో తెలియును. విన్నదానిని పోల్చుకొనుటకు మనస్సెంత పాటుపడినదో తెలియదు. ఇద్దఱు ఒకే వాక్యమును తప్పులేక తిరిగి చెప్పవచ్చును. ఒకరికది యవలీల, వేఱొకరి కది కొండ యెక్కినంత పని. ఈ భేదమును దేహమే బయటపెట్టునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

అట్టి గుర్తులలో ముఖ్యమైనది కంటిపాప. అది వెలుతురున ముడుచుకొని చీకటిలో విచ్చుకొనుట యందఱెఱిగినదే. మనస్సు శ్రమించునపుడును అది విచ్చుకొనును. 1964లో హెస్, పోల్ట్ అను నిరువురు, నోటిలెక్కగా గుణకారములు చేయువారి కంటిపాపలు లెక్క కఠినమైనకొలది పెద్దవగుటను ప్రకటించిరి. 1966లో కానెమన్, బీటీ అనువారు కొన్ని యంకెలను వినిపించి జ్ఞప్తియందుంచుకొనుమనిరి. అంకె లెక్కువైనకొలది పాప విచ్చుకొని, వానిని తిరిగి యొప్పజెప్పుచుండగా క్రమముగా ముడుచుకొనెను. 2010లో నెదర్లాండ్సు దేశమున జెక్‌వెల్డ్ అను విదుషియు నామె సహచరులును రొద నడుమ వాక్యములను వినిపించి, మాట తెలియుట కష్టమైనకొలది పాప మఱింత విచ్చుకొనునని చూపిరి.

ఈ మార్పు మిల్లీమీటరులో కొద్దిభాగమే. కావున వెలుతురు మాఱకుండ చూచుకొని కెమెరాతో కొలువవలెను. గుండె లయను, అరచేతి చెమటవలన చర్మమున కలుగు విద్యుత్తు మార్పును, మెదడు తరంగములనుగూడ పరిశీలించుచున్నారు. ఈ కొలత లన్నియు నొకే మాట చెప్పవు. ఏ యొక్కదానినో నమ్మి తీర్పు చెప్పరాదు.

నా మనస్సునకు తగిలిన సంగతి మఱొకటి కలదు. రొద మితిమీఱి, మాట బొత్తిగా తెలియరానిదైనపుడు పాప విచ్చుకొనుట తగ్గును. ఇక లాభములేదని మనస్సు ప్రయత్నము మానివేయుటయే దీనికి కారణమని పండితులు తలంచుచున్నారు. మా యత్తగారు లేచిపోవుట అలుకయు కాదు, అనాదరమును కాదు. అలసటయే కావచ్చును గదా!

మన యింట కంటిపాపను కొలుచు యంత్రము లేదు, అక్కఱయు లేదు. పెద్దలతో మాటలాడునపుడు టెలివిజను కట్టివేయుడు. ముఖము కనబడునట్లు వెలుతురున కూర్చుండుడు. ఒకరి తరువాత నొకరు, అఱవక, నిదానముగా పలుకుడు. తెలియని మాటను వేఱు మాటలతో చెప్పుడు. వైద్యునిచే చెవులు పరీక్ష చేయింపుడు. వినికిడి యంత్రము తోడ్పడును గాని శ్రమను పూర్తిగా తొలగింపదని మఱువకుడు.

మా యింట నిపుడిట్లే చేయుచున్నాము. మొన్న చుట్టములు వచ్చినపుడు అత్తగారు రాత్రి భోజనములగువఱకు మాతోనే కూర్చుండి, తమ పెండ్లినాటి ముచ్చటలు చెప్పిరి. ఆనాడు వినుట మా వంతయ్యెను.