పాత తుపాకులు – తుప్పుతో పోరాటం

కొవ్వు పూసిన తూటాల వివాదం వల్ల 1857లో మన దేశమంతటా పేరు మారుమ్రోగినది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి. ఇటువంటి ఆయుధాలను భద్రపరచే వారికి పైపై తుప్పు కన్నా మర చుట్లలో, గొట్టం అడుగున దాగిన తుప్పే పెద్ద సమస్య. తుపాకిమందు కాలగా మిగిలిన లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తొలిచివేస్తాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక మరలు బిగుసుకొనిపోతాయి. బలవంతంగా త్రిప్పితే మర తల విరుగుతుంది.

ముందుగా గొట్టంలో మందు మిగిలి ఉన్నదేమో నిపుణులచేత పరీక్షింపజేయాలి. పాత తుపాకి ఖాళీదని ఎన్నడూ నమ్మరాదు. పిదప చుట్లలోనికి పలుచని నూనెను బొట్టు బొట్టుగా వదలి, కొన్ని రోజులు ఓపిక పట్టాలి. ఆమ్లం వాడితే తుప్పుతోపాటు నీలిపూత కూడా పోతుంది. తయారీ ముద్రలు సైతం చెరగిపోవచ్చు. విడదీసిన ఉక్కు భాగాలను స్వేదనజలంలో మరిగిస్తే, నీరు చేరిన ప్రతి సందులోను ఎర్రని తుప్పు నల్లని మాగ్నటైట్‌గా మారుతుంది. పైన రేగిన పొడిని మెత్తగా తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పూయాలి.

మన కర్మాగారంలో బిగుసుకొన్న పాత వాల్వు ఎదురైనప్పుడు కూడా, సుత్తి అందుకొనే ముందు నూనెకు ఒక్క రాత్రి వ్యవధి ఇచ్చి చూడండి.