పేగు పూత – పిల్లల ఎదుగుదల

పిల్లలూ! ఏటా పుట్టినరోజునాడు మిమ్మల్ని గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్ట పెట్టి, పెన్సిలుతో గీత గీస్తారు కదూ! నిరుటి గీతకన్నా ఈ ఏటి గీత మూడు వేళ్లు పైన ఉంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. బడి ఈడు పిల్లలు మామూలుగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు.

బ్రిటన్‌లో పుట్టిన బిడ్డల ఆరోగ్య వివరాలు రాసుకోవడానికి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. మీది మీ అమ్మగారు దాచి ఉంచారేమో అడిగి చూడండి. అందులో గళ్ల కాగితంమీద వంపు గీతలు కనిపిస్తాయి. బిడ్డ ఎత్తు, బరువు ఆ గీతల వెంబడి నడుస్తున్నాయో లేదో వైద్యులు చూస్తారు.

పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు ఉన్నాడనుకుందాం. రెండేళ్లుగా అతని గీత కదలలేదు. ఒకప్పుడు అతని భుజందాకా ఉన్న స్నేహితులు ఇప్పుడు అతన్ని దాటిపోయారు. తరచు కడుపునొప్పి. రోజుకు నాలుగైదుసార్లు విరేచనం. ఒకటి రెండుసార్లు రక్తం కూడా కనిపించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. “తిండి సరిగా తినడు, ఎలా ఎదుగుతాడు?” అని నాయనమ్మ బెంగ. “బడి ఎగ్గొట్టడానికే ఈ కడుపునొప్పి” అని తోటివాళ్ల ఎగతాళి.

నిజానికి తప్పు ఆ అబ్బాయిది కాదు. అతని పేగులో పూత పుట్టింది. ఆ జబ్బును గురించి, పిల్లల కోసం దానిమీద జరిగిన పరిశోధనలను గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

పేగులో ఏమి జరుగుతుంది?

మనం తిన్న అన్నం కడుపులో నలిగి చిన్నపేగులోకి పోతుంది. పెద్దవాళ్లలో చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి పొర మఖమలు బట్టలాగా సన్నని నూగుతో నిండి ఉంటుంది. ఆహారంలోని సారాన్ని రక్తంలోకి పీల్చుకొనేది ఆ నూగే. మిగిలిన పిప్పి పెద్దపేగులోకి పోతుంది.

పేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో చాలావరకు మనకు మేలు చేసేవే. ఏదైనా చెడ్డ క్రిమి వస్తే అడ్డుకోవడానికి పేగు గోడలో రక్షక కణాలు కాపలా కాస్తుంటాయి. క్రిమి నశించగానే అవి శాంతించాలి. కొందరిలో అవి శాంతించవు. దొంగ లేని ఇంట్లో కర్ర తిప్పే కాపలాదారులాగా సొంత పేగునే గాయపరుస్తాయి. అక్కడ వాపు, పుండ్లు ఏర్పడతాయి. నోరు పూసినప్పుడు ఒక్క మెతుకు తగిలినా ఎంత మంటో మీకు తెలుసు. అటువంటి పూత పేగులో ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఈ జబ్బు ముఖ్యంగా రెండు రకాలు. పెద్దపేగు లోపలి పొరను మాత్రమే పట్టేది అల్సరేటివ్ కొలైటిస్. నోటినుంచి మలద్వారందాకా ఎక్కడైనా రాగలిగేది, పేగు గోడ లోతుల్లోకి పాకేది క్రోన్ వ్యాధి. ఈ రెండూ అంటువ్యాధులు కావు. రోగి పక్కన కూర్చున్నా, అతనితో కలిసి భోంచేసినా ఎవరికీ అంటుకోవు.

ఆ పేరు ఎలా వచ్చింది?

1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ పెద్దపేగు పూతను వర్ణించాడు. 1913లో స్కాట్లండు శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జీల్ పేగు గోడ మందంగా వాచిపోయే జబ్బును గురించి రాశాడు. చూడడానికి పేగు క్షయలాగే ఉన్నా అది క్షయ కాదని అతడు గుర్తించాడు. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయి ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలు ప్రకటించారు. ముగ్గురి పేర్లూ ఇంగ్లీషు అక్షరక్రమంలో అచ్చయ్యాయి. క్రోన్ పేరు మొదట ఉన్నందువల్ల జబ్బుకు ఆ పేరే స్థిరపడింది.

పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు

ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు నాలుగోవంతుమందికి ఇరవై ఏళ్లలోపే మొదలవుతుంది. పెద్దవాళ్లకు వస్తే నొప్పి తగ్గడమే ముఖ్యం. పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎదగాలి కూడా.

పూసిన పేగు ఎదుగుదలను రెండు విధాల దెబ్బ తీస్తుంది. మొదటిది, తిన్నది సరిగా ఒంటబట్టదు, ఆకలీ మందగిస్తుంది. రెండోది, వాచిన పేగునుంచి కొన్ని రసాయనాలు రక్తంలో కలిసి, ఎముకలను పెరగమని చెప్పే హార్మోనుల పనికి అడ్డుపడతాయి. కనుక కొందరు పిల్లల్లో కడుపునొప్పి కంటే ముందే ఎత్తు గీత ఆగిపోతుంది.

మరొక చిక్కు మందులోనే ఉంది. స్టెరాయిడ్లు అనే మందులు వాపును త్వరగా తగ్గిస్తాయి. కాని వాటిని చాలాకాలం వాడితే పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. యౌవనం ముగిసేసరికి ఎముకల చివరలు కలిసిపోతాయి. ఆ తరువాత ఎత్తు పెరగడానికి వీలు లేదు. అందుకే పిల్లల వైద్యులు ప్రతి చికిత్సనూ రెండు ప్రశ్నలు అడిగారు: “పూత మానిందా? బిడ్డ ఎదిగాడా?”

మందుకు బదులు ఆహారం

ఆ రెండు ప్రశ్నలకూ మంచి జవాబు ఆహారంలోనే దొరికింది. 1980లలో లండన్ వైద్యులు క్రోన్ వ్యాధి ఉన్న కొద్దిమంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు స్టెరాయిడ్లు ఇచ్చారు. రెండో జట్టుకు ఆరు వారాలపాటు మామూలు తిండి మాన్పించి, తేలికగా ఒంటబట్టే ద్రవాహారాన్ని ముక్కులోనుంచి వేసిన సన్నని గొట్టం ద్వారా ఇచ్చారు. 1987లో ఫలితాలు వెలువడ్డాయి. జబ్బు తగ్గడంలో రెండు జట్లూ ఇంచుమించు సమానమే. ఎత్తు పెరగడంలో మాత్రం ద్రవాహారం తీసుకున్న పిల్లలే ముందున్నారు!

తరువాత ఎన్నో దేశాల్లో ఇటువంటి పరిశోధనలు జరిగాయి. 2014లో యూరప్ పిల్లల వైద్యులు క్రోన్ వ్యాధి పిల్లలకు మొదట ఎంచుకోదగిన చికిత్సగా ద్రవాహారాన్నే సూచించారు. దీన్ని 6 నుంచి 8 వారాలు తీసుకోవాలి. చాలామంది పిల్లలు గొట్టం లేకుండా గ్లాసుతోనే తాగుతారు. అయినా అది తేలికైన పని కాదు. ఇంట్లో పులిహోర ఘుమఘుమలాడుతుంటే, పండుగనాడు అందరూ బూరెలు తింటుంటే, ఒక్కరే గ్లాసు పట్టుకొని కూర్చోవాలి. అందుకు ఎంతో పట్టుదల కావాలి.

ఈ కష్టాన్ని తగ్గించే ప్రయత్నం కూడా జరిగింది. 2019లో ఇజ్రాయెల్, కెనడా పరిశోధకులు ఒక కొత్త పద్ధతి ప్రకటించారు. సగం ద్రవాహారం, సగం ఏరి కూర్చిన ఇంటి వంట. అందులో కోడిమాంసం, గుడ్డు, బంగాళాదుంప, అరటిపండు వంటివి ఉన్నాయి. ఈ పద్ధతిని పిల్లలు తేలికగా పాటించగలిగారు. అయితే ఇది ఎవరికి వారు ఇంట్లో చేసుకొనే పథ్యం కాదు. వైద్యుల కనుసన్నల్లోనే జరగాలి.

మందులు – మన తెలుగువాడు

ఆహారంతో తగ్గనివారికి మందులు ఉన్నాయి. రక్షక కణాలు పంపే ఒక రసాయనాన్ని పట్టి ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును అమెరికా ప్రభుత్వం 1998లో పెద్దల క్రోన్ వ్యాధికి అనుమతించింది. పిల్లలకు అనుమతి వచ్చింది 2006లో. పిల్లలమీద విడిగా పరీక్షించి చూసేదాకా ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట. ఆ పరిశోధనల్లో చేరి, సూదిపోట్లు ఓర్చుకున్న పిల్లలవల్లనే తరువాతి పిల్లలకు మేలు జరిగింది.

మెథోట్రెక్సేట్ అనే మరో మందు కూడా కొందరికి ఇస్తారు. ఆ మందు వాడేవారికి తోడుగా ఫోలిక్ ఆమ్లం అనే విటమిను కూడా ఇస్తారు. ఈ రెండింటికీ ఒక తెలుగువాడితో సంబంధం ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టి, చదువు కోసం అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940లలో అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. మెథోట్రెక్సేటు కూడా ఆ బృందం పనినుంచి వచ్చిందే. దాన్ని మొదట వాడింది రక్త క్యాన్సరుకు. క్రోన్ వ్యాధికి అది పనికివస్తుందని 1995లో రుజువైంది. అప్పటికి సుబ్బారావు గారు కన్నుమూసి 47 ఏళ్లు.

పరీక్ష చేసే విధానం కూడా మెరుగుపడింది. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడడం ఇప్పటికీ అవసరమే. అయితే ప్రతిసారీ అది అక్కరలేదు. పేగు వాచినప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తు మలంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక చిన్న డబ్బాలో మలం పట్టి ఇస్తే చాలు, పేగులో వాపు ఉన్నదీ లేనిదీ చాలావరకు తెలుస్తుంది.

ఎందుకు వస్తుంది?

2001లో శాస్త్రజ్ఞులు క్రోన్ వ్యాధికి సంబంధించిన నాడ్2 అనే జన్యువును గుర్తించారు. అయితే జన్యువుతోనే కథ ముగియదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి క్రోన్ వ్యాధి వస్తే, రెండోవారికి కూడా వచ్చేది సగంకన్నా తక్కువ జంటల్లోనే. అంటే పరిసరాలు, ఆహారం, పేగులోని సూక్ష్మజీవులు కూడా కారణాలే.

వలస వచ్చిన కుటుంబాలు ఇందుకు సాక్ష్యం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1985 నుంచి 2005 వరకు లెక్కలు చూశారు. భారతదేశం, దాని ఇరుగుపొరుగు దేశాలనుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఈ జబ్బు మిగిలిన పిల్లలకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. వాళ్ల తాత ముత్తాతల ఊళ్లలో అది అరుదైన జబ్బు! ఊరు మారితే పేగులో ఏమి మారుతుందో శాస్త్రజ్ఞులు ఇంకా వెదుకుతున్నారు.

ఇప్పుడు మన ఊళ్లలో కూడా అది అరుదు కాదు. హైదరాబాదు వైద్యులు పట్టణాల్లోనూ పల్లెల్లోనూ కడుపు బాధలున్న 30 వేలమందికి పైగా రోగులను పెద్దపేగు పరీక్ష చేసి, 2023లో ఫలితాలు ప్రకటించారు. పల్లెవాసుల్లో కూడా ఈ జబ్బు కనిపించింది. అక్కడి వైద్యులకు మరో బాధ్యత ఉంది. క్షయకూ దీనికీ తేడా కనిపెట్టాలి. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

మనం చేయవలసినది

కడుపునొప్పి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాలాసార్లు రెండు రోజుల్లో పోతుంది. భయపడనక్కరలేదు. కాని వారాల తరబడి నొప్పి, విరేచనాలు ఉన్నా, రక్తం కనిపించినా, బరువు తగ్గినా, ఎత్తు గీత ఆగిపోయినా దాచవద్దు. అమ్మతోనో నాన్నతోనో బడి నర్సుతోనో చెప్పండి. సిగ్గుపడి పోగొట్టుకున్న నెలలు ఎదుగుదలలో తిరిగి రాకపోవచ్చు.

ఈ జబ్బు పూర్తిగా పోయే మందు ఇంకా దొరకలేదు. కాని చికిత్సతో పూతను అణచి ఉంచవచ్చు, చదువుకోవచ్చు, ఆడుకోవచ్చు. మీ తరగతిలో ఎవరైనా పాఠం మధ్యలో హఠాత్తుగా లేచి బయటికి వెళితే నవ్వకండి. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఆ పాఠం రాసి ఉంచి ఇవ్వండి.

కొత్త మాటలు

నిరుడు = పోయిన సంవత్సరం
పిప్పి = సారం పోగా మిగిలినది
పథ్యం = రోగి పాటించవలసిన ఆహార నియమం
మాంసకృత్తు = ప్రొటీను
కనుసన్నల్లో = చూపు కింద, పర్యవేక్షణలో

ప్రశ్నలు

1. పేగులోని రక్షక కణాలను రచయిత ఎవరితో పోల్చారు? ఎందుకు?
2. ఈ జబ్బు పిల్లల ఎదుగుదలను ఏ రెండు విధాల దెబ్బ తీస్తుంది?
3. 1987లో వెలువడిన ఫలితాల్లో రెండు జట్ల మధ్య కనిపించిన తేడా ఏమిటి?
4. “పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు.” ఈ మాటను మీ సొంత మాటల్లో వివరించండి.
5. చాలా రోజుల తరువాత ఆసుపత్రినుంచి బడికి తిరిగి వస్తున్న స్నేహితునికి తెలుగులో ఒక ఉత్తరం రాయండి.