వీటో - అన్నార్తులు

ఐక్యరాజ్యసమితిలో నొక రాజ్యము వీటో చేసెనని వార్తాపత్రికలలో తరచుగా చదువుచున్నాము. అది రాజకీయవేత్తల వ్యవహారమని తలచి పుట త్రిప్పుట మనలో పెక్కండ్రకు వాడుక. కాని యెక్కడనో కొన్ని యిండ్ల పొయ్యి వెలుగుటయు నారుటయు నా యొక్క మాటపై నాధారపడునని యెరిగినచో, సోదరీమణులు దానిని విడువక చదువుదురని మా నమ్మకము.

వీటో యనగా నిషేధాధికారము. 1945వ సంవత్సరమున సాన్ ఫ్రాన్సిస్కో నగరమున సమితి నిబంధనావళి యేర్పడినపుడు అమెరికా, సోవియట్ రష్యా, బ్రిటన్, ఫ్రాన్సు, చైనా దేశములకు భద్రతామండలిలో శాశ్వతస్థానము లభించెను. మండలిలో నిపుడు సభ్యరాజ్యములు 15. ముఖ్యమైన తీర్మానము నెగ్గుటకు 9 వోట్లు కావలెను; ఈ యైదింటిలో నొక్కటియు వ్యతిరేకింపరాదు. పెద్దరాజ్యములు తమలో తాము పోరి లోకమును మరల యుద్ధమున ద్రోయకుండుటకై చేసిన యేర్పాటిది. ఆ యుద్దేశమును మేము తప్పుపట్టము. అది యన్నమునకు సయిత మడ్డు వచ్చుటయే మా బాధ.

సిరియాదేశమున 2011లో అంతర్యుద్ధ మారంభమయ్యెను. ప్రభుత్వమునకు లోబడని ప్రాంతముల ప్రజలకు ఆహారము, మందులు చేర్చుటకై మండలి 2014 జూలైలో నాలుగు సరిహద్దు ద్వారముల ననుమతించెను. 2019 డిసెంబరున రష్యా, చైనాలు వీటో చేయగా, మరుసటి నెలలో నవి రెండైనవి. 2020 జూలైలో మరల వీటోలు పడగా బాబ్ అల్ హవా యను నొక్క ద్వారమే మిగిలెను. 2023 జూలై 11న దాని గడువు పొడిగించు తీర్మానమునకు 13 రాజ్యములు సమ్మతించినవి, చైనా తటస్థముగా నుండెను, రష్యా వలదనెను. సిరియా సార్వభౌమత్వమును కాదని సహాయము పంపరాదని దాని వాదము. వాయవ్య సిరియాలో సహాయము కోరువారు 40 లక్షలకు పైబడి యుండిరి. నాటి అసద్ ప్రభుత్వము సమ్మతించిన పిదప, సెప్టెంబరులో గాని యా ద్వారమున సమితి వాహనములు మరల సాగలేదు.

ఈ దోషము రష్యా యొక్కదానిదే కాదు. గాజాలో యుద్ధ మాపవలెననియు, అన్నపానముల నడ్డగింపరాదనియు 2025 జూన్ 4న వచ్చిన తీర్మానమునకు 14 రాజ్యములు సమ్మతింపగా, అమెరికా వీటో చేసెను. అందు హమాసును ఖండింపలేదని దాని వాదము.

భీష్మపర్వారంభమున కురుపాండవులు చేసికొన్న నియమములు మన మెరిగినవే. సారథులను, వాహనములను, ఆయుధములు మోయువారిని, భేరీశంఖములు వాయించువారిని కొట్టరాదని వారొప్పుకొనిరి. ఆ నియమములు పిదప భంగపడిన మాట నిజమే. అయినను పోరనివారిని వేరుగా చూడవలెనను ధర్మమును ఉభయపక్షములు నంగీకరించినవి. చంటిబిడ్డకు పాలు చేరుట యే పక్షమునకును అపజయము కాజాలదు.

2022 ఏప్రిల్ 26న సమితి సర్వసభ్యసభ యొక మంచి నియమము చేసెను. వీటో పడిన 10 పనిదినములలో నా సభ కూడి దానిని చర్చింపవలెను. దీనివలన వీటో రద్దు కాదు. వలదన్నవారిని లోకము నెదుట కారణ మడుగుటకు తావు మాత్రము కలిగినది. ఇది చాలదు. అన్నము, మందులు, ప్రసూతివైద్యము చేరవేయు తీర్మానములపై వీటో ప్రయోగింపమని ఆ యైదు రాజ్యములును మాట యీయవలెను. ఆ మాట కోరుటకు స్త్రీలకంటె తగినవారు లేరు. ఇకమీద నీ వార్త కనబడినపుడు ఏ ద్వారము మూతపడినదో, దాని కావల నెవరున్నారో విచారించి, నలుగురితో చెప్పవలసినదిగా సోదరీమణులను వేడుచున్నాము.