జపాను నౌకాకళాశాల నేర్పని పాఠము

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. నాడు విశాఖ జిల్లాలోను, నేడు అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరము చెరకునకు, బెల్లమునకు పేరుపడిన ఊరు. అచ్చటినుండి సముద్రము కంటికి కనబడదు. అయినను ఆ ప్రాంతపు బ్రతుకు సముద్రముతో ముడిపడియుండెను. ఉత్తరాంధ్రమునుండి వేలకొలది జనులు కూలికై రంగూనుకు ఓడ లెక్కెడివారు; బర్మా బియ్యము ఓడలమీదనే మన తీరమునకు వచ్చెడిది. 1942 మార్చిలో రంగూను జపానువారికి చిక్కగా ఆ బియ్యము నిలిచిపోయెను. కూలీలెందరో కాలినడకను స్వదేశమునకు మరలిరి.

ఆ బాంబులు వేసిన విమానములు 'ర్యూజో' అను నౌకనుండి లేచినవి. ఆ నౌకాదళమునకు నాయకుడు జిసబురో ఒజావా. ఈతడు టోక్యోలోని నౌకాసైనిక కళాశాలలో చదివి, పిమ్మట అచ్చటనే బోధకుడైనవాడు.

జపాను పదాతిసైన్యమువారు తమ ఉన్నత కళాశాలకు 1885లో జర్మనీనుండి మేజర్ మెకెల్‌ను గురువుగా రప్పించుకొనిరి. నౌకాదళమువారు 1888లో వేరుగా కళాశాలను నెలకొల్పిరి. వారికి తోడ్పడినవాడు బ్రిటిషు కెప్టెన్ ఇంగిల్స్. కొన్నియేండ్లు కొలువుచేసిన అధికారులలో ఏరికోరిన కొందరికే అందు ప్రవేశము లభించెడిది. 1898లో క్యూబా యుద్ధమును కన్నులార చూచివచ్చిన సనేయుకి అకియామా 1902 నుండి అచ్చట యుద్ధతంత్రము బోధించెను. పటములపై నౌకలను నడుపుచు యుద్ధమును అభ్యసించుట ఆయన నేర్పిన పద్ధతి. 1905లో త్సుషిమా సంగ్రామమున రష్యా నౌకాబలము నాశనమైనప్పుడు ఆయన సేనాధిపతి టోగోకు సహాయకుడుగా నుండెను.

ఆ విజయమే కళాశాలకు చిక్కు తెచ్చినది. శత్రు నౌకాబలమును ఒక్క మహాసంగ్రామమున తుడిచివేయవలెనను సూత్రమునే తరువాతి తరములవారు వల్లించిరి. వర్తకపు ఓడలకు కావలి కాయుట కీర్తి లేని పనియైనది.

బంగాళాఖాతమున ఒజావా దళము కొలదిదినములలో ఇరువది వర్తకపు ఓడలవరకు ముంచెను. ఓడల రాకపోకలు తెగినచో తీరదేశము ఎట్లు కలవరపడునో తానే చూపెను. కాని ఆ పాఠమును జపానే నేర్వలేదు. తన ఓడల రక్షణకు ప్రత్యేకదళాధిపత్యమును 1943 నవంబరువరకు ఏర్పరచుకొనలేదు. అప్పటికే అమెరికా జలాంతర్గాములు జపాను చమురు నౌకలను వేటాడుచుండెను. 1944 అక్టోబరులో విమానములు చాలని నౌకలతో ఒజావా ఎరగా పంపబడి, నాలుగు విమానవాహకములను కోల్పోయెను. 1945లో కళాశాల మూతపడినది.

సముద్రము చూడని ఊరి అన్నమునకు సయితము ఓడయే ఆధారము కావచ్చును. ఆ సంగతి ఆ కళాశాల పటములకు ఎక్కలేదు.