సూర్యుడికి తెర కట్టేదెవరు?

1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల దాకా సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరింది. అది సన్నటి తుంపరగా మారి ఎండని కొంత వెనక్కి తిప్పి పంపింది. మరుసటి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.5 డిగ్రీలు తగ్గింది. అగ్నిపర్వతం చేసిన పనిని మనమే విమానాలతో చేస్తే పోలా? సోలార్ జియోఇంజనీరింగ్‌లో ఎక్కువగా వినిపించే ఆలోచన ఇదే. ఓజోన్ మీద పరిశోధనకి 1995లో నోబెల్ అందుకున్న పాల్ క్రుట్జెన్ 2006లో దీన్ని పరిశీలించాలని రాశాక, అంతవరకూ మొహమాటపడినవాళ్ళు కూడా పైకి మాట్లాడటం మొదలుపెట్టారు.

మన భాషలో చెప్పాలంటే ఇది ప్యాచ్. అసలు బగ్, అంటే కార్బన్ డయాక్సైడ్, అలాగే ఉంటుంది. ప్యాచ్ వెయ్యడాన్ని నేను తప్పుపట్టను. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవరైనా ముందు చేసేది అదే. నా భయమల్లా రోల్‌బ్యాక్ గురించి. పైన చల్లింది ఏడాది, రెండేళ్ళలో రాలిపోతుంది కాబట్టి చల్లుతూనే ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉంటుంది. కొన్ని దశాబ్దాలు చల్లాక యుద్ధం వచ్చో, డబ్బు చాలకో ఆపేస్తే, అన్నాళ్ళూ అణిగి ఉన్న వేడి కొద్ది సంవత్సరాల్లోనే మీద పడుతుంది.

పోనీ టెస్ట్ చేసి చూద్దామా అంటే, ఉన్న భూమి ఒక్కటే. అదే ప్రొడక్షన్! అందుకే చిన్న ప్రయోగాలకి కూడా పెద్ద గొడవలు. హార్వర్డ్ పరిశోధకులు స్కోపెక్స్ ప్రాజెక్టులో భాగంగా 2021లో స్వీడన్ ఉత్తర కొసన ఉన్న కిరునా నుంచి బెలూన్ ఎగరేద్దామనుకున్నారు. ఆ విడతలో ఏ పొడీ చల్లరు, పరికరాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటారు, అంతే. అయినా అక్కడి సామీ ఆదివాసుల మండలి, తమని అడగకుండా ఇదేమిటని అభ్యంతరం చెప్పింది. ప్రయోగం ఆగిపోయింది. 2024 మార్చిలో ప్రాజెక్టే మూతపడింది.

ఈలోగా మేక్ సన్‌సెట్స్ అనే చిన్న కంపెనీ 2022లో మెక్సికోలో ఎవరి అనుమతీ లేకుండా బెలూన్లలో కొంచెం సల్ఫర్ డయాక్సైడ్ నింపి వదిలేసింది. పైగా 'కూలింగ్ క్రెడిట్లు' ఒక్కోటి 10 డాలర్లకి అమ్మకానికి పెట్టింది! 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం ఇలాంటివి నిషేధిస్తామని ప్రకటించేదాకా అడిగిన నాథుడు లేడు.

సామీలది వట్టి మొండితనమని నాతో వాదించే మిత్రులున్నారు. నాకలా అనిపించదు. మా పెదనాన్న అనంతపురం దగ్గర వానని నమ్ముకుని వేరుశనగ వేస్తారు. రుతుపవనాలకి ఆధారం నేలా సముద్రం వేడెక్కడంలో ఉండే తేడా; ఎండని తగ్గిస్తే ఆ తేడా కూడా మారుతుంది. పినటూబో తర్వాత ప్రపంచంలో నేల మీద కురిసిన వాన బాగా తగ్గింది. అదే సమయంలో ఎల్‌నినో కూడా ఉండటంతో, ఎవరి వాటా ఎంతో తేల్చడం శాస్త్రవేత్తలకే పెద్ద లెక్కయింది. ఉత్తరార్ధగోళంలో మాత్రమే చల్లితే ఆఫ్రికాలోని సహేల్ ప్రాంతంలో కరువు రావచ్చని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. రేపు ఎవరో చల్లిన ఏడాదే అనంతపురంలో వాన పడకపోతే, అది చల్లినందువల్లో, మామూలు కరువో పెదనాన్న ఏ లాగ్ ఫైల్ చూసి నిరూపించాలి? అనంతపురానికి కరువు కొత్తేమీ కాదు కదా అని ఎవరైనా తేలిగ్గా తప్పించుకుంటారు.

అలాగని పరిశోధనే వద్దంటే, ముదిరే ఎండలకి ముందు మాడేదీ ఆ పొలమే. అందుకే నేను పరిశోధన వైపే. కాకపోతే అడిగి చెయ్యాలి, ఆ అడగడంలో వానని నమ్ముకున్న దేశాలూ ఉండాలి. ఆ పని ఎంతవరకు వచ్చిందంటే, 2024 ఫిబ్రవరిలో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో స్విట్జర్లాండ్ ఒక నిపుణుల బృందాన్ని వేద్దామంది. దేశాల మధ్య ఒప్పందం కుదరక ఆ ప్రతిపాదనని వెనక్కి తీసుకుంది. నిర్ణయాలు చేసే బృందం కాదండీ, విషయాలు తెలుసుకుని చెప్పే బృందం మాత్రమే.