సగం మంది కొరియన్లే: పాలిసేడ్స్ పార్క్ కథ

న్యూజెర్సీ అనగానే తెలుగువారికి ఎడిసన్ గుర్తొస్తుంది. దానికి ఉత్తరాన, హడ్సన్ నదికి ఇవతల బెర్గెన్ కౌంటీలో పాలిసేడ్స్ పార్క్ అనే చిన్న ఊరుంది. విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 2020 జనగణన ప్రకారం జనాభా 20,292. 2010 లెక్కల్లోనే అక్కడివారిలో సగానికి పైగా కొరియన్ మూలాలవారు. అమెరికాలో మరే ఊళ్లోనూ కొరియన్ల వాటా ఇంత లేదు.

దీన్ని అక్కడ ‘బరో’ అంటారు. మేయరు, ఆరుగురు కౌన్సిలర్లు ఉండే చిన్న మునిసిపాలిటీ అనుకోవచ్చు. బెర్గెన్‌లో ఇలాంటి బరోలు లెక్కకు మించి ఉండడానికి కారణం బడి పన్ను. 1894లో వచ్చిన ఒక చట్టంతో టౌన్‌షిప్ మొత్తం ఒకే పాఠశాల జిల్లా అయింది. పక్క ఊరి బడికి తాము పన్ను కట్టడమేమిటని పేటలన్నీ విడిపోయి బరోలయ్యాయి. ఆ ఊపు తగ్గని రోజుల్లోనే, 1899లో, పాలిసేడ్స్ పార్క్ పుట్టింది. వేరు కాపురం పెట్టడానికి డబ్బు తగవు చాలన్నది అమెరికాలోనూ నిజమే!

ఒకప్పుడు ఇక్కడ ఇటాలియన్ కుటుంబాలు ఎక్కువ. 1980ల నుంచి న్యూయార్క్‌లోని క్వీన్స్ వైపు నుంచి కొరియన్లు రావడం మొదలైంది. జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటితే మన్‌హటన్. పాత ఇళ్లు పోయి డూప్లెక్సులు లేచాయి. ప్రధాన వీధి బ్రాడ్ అవెన్యూ పొడవునా కొరియన్ బోర్డులే.

అయితే జనగణనలో మెజారిటీ వేరు, ఓటర్ల జాబితాలో మెజారిటీ వేరు. వలస వచ్చినవారికి పౌరసత్వం రావాలి, ఆపైన ఓటు నమోదు కావాలి, అప్పుడే లెక్కలోకొస్తారు. 2011లో బెర్గెన్ కౌంటీలో కొరియన్ భాషలోనూ ఓటింగ్ పత్రాలు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అయినా ఈ ఊరికి తొలి కొరియన్ అమెరికన్ మేయరు, క్రిస్టఫర్ చంగ్, 2018లో గాని ఎన్నిక కాలేదు. డెమొక్రటిక్ ప్రైమరీలో అప్పటి మేయరు జేమ్స్ రొటుండోపై ఆయన గెలిచింది అతి స్వల్ప తేడాతో. విచిత్రమేమిటంటే, భారతీయుల ఊరుగా పేరుపడ్డ ఎడిసన్ 2005లోనే జున్ చోయ్ అనే కొరియన్ అమెరికన్‌ను మేయరుగా ఎన్నుకుంది.

ఓట్లు తక్కువైనా మాట చెల్లదనేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన స్త్రీల స్మారకంగా 2010లో ఊరి గ్రంథాలయం పక్కన ఒక రాయి నిలిపారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. 2012లో జపాన్ అధికారులు, ఆ తర్వాత కొందరు పార్లమెంటు సభ్యులు స్వయంగా వచ్చి దాన్ని తీసేయమని అడిగారు. రొటుండో ఒప్పుకోలేదు. ఇరవై వేలమంది ఊరి మేయరు మరో దేశపు ప్రభుత్వానికి కాదని చెప్పడం రోజూ జరిగే పని కాదు. ఆ మాట చెప్పింది కొరియన్ కాదన్నదీ గమనించాలి.

ఇప్పుడు ఈ ఊళ్లో మరో వరుస మొదలైంది. 2010 నాటికే జనాభాలో దాదాపు అయిదో వంతు హిస్పానిక్‌లు. వారిలో గ్వాటెమాలా నుంచి వచ్చిన రోజుకూలీలు పొద్దున్నే బ్రాడ్ అవెన్యూ మీద, కొరియన్ దుకాణాల ముందు, పనికి పిలిచేవారి కోసం నిలబడి ఉంటారు.