మెకానిక్ మూత విప్పకముందే అడగవలసిన మాటలు



మన సరిహద్దు జిల్లాలలో బొంబాయికి చుట్టరికం లేని ఊరు అరుదు. ఎవరి మేనమామో, ఎవరి చిన్నాయనో, ఎవరి ఆడబిడ్డో అక్కడ ఉంటారు. కామాఠీపుర అన్న పేరు కూడా మనవాళ్ళ మూలంగా వచ్చిందే. పద్ధెనిమిదో శతాబ్దం చివరి రోజుల నుంచి నిజాం ఇలాకాలోని తెలుగు పల్లెల కూలీలు కట్టుబడి పనులకు వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళను అక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు, వాళ్ళ పేట కామాఠీపుర అయింది. పత్రికలవాళ్ళకు ఆ పేరు వినగానే ఇంకొకటి గుర్తుకు వస్తుంది గాని, అంకెలతో పిలిచే ఆ గల్లీలలో తరతరాలుగా సంసారాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తరువాత మిల్లులలో మగ్గాల పనికి వెళ్ళిన మన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళలో కాపురాలు పెట్టారు. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడినా ఇళ్ళు అక్కడే నిలిచాయి.

ఇప్పుడు ఆ ఖోలీలలో ఫ్రిజ్ ఉంది, మిక్సీ ఉంది, వాషింగ్ మిషన్ ఉంది. కొన్నిచోట్ల ఏసీ కూడా ఉంది. ఇవన్నీ వాయిదాల మీద, చీటీ డబ్బుల మీద సమకూర్చుకున్నవి. అందులో ఒకటి చెడిపోతే మెకానిక్‌ను పిలవాలి. పిలిచేటప్పుడు ఏమి తెలిసి ఉండాలన్నది ఈనాటి మన ముచ్చట. బొంబాయిలో ఉన్నవారి సంగతే చెబుతున్నాను గాని, ఇది బోధన్‌లో అయినా, బైంసాలో అయినా పనికివచ్చేదే.

వెనుకటి రోజులలో ఈ బాధ తక్కువ. చాల్ కింద కొట్టు పెట్టుకున్న మెకానిక్ అందరికీ తెలిసినవాడు. ఒక ఇంట్లో మోసం చేస్తే సాయంత్రానికి నలభై ఇళ్ళకు తెలుస్తుంది. ఆ భయమే పెద్ద గ్యారంటీ. ఇప్పుడు ఆ పరిస్థితి మారుతున్నది. వర్లీ బీడీడీ చాళ్ళనే తీసుకోండి. 1920ల నాటి ఆ కట్టడాలలో ఒక్కొక్క ఖోలీ 160 చదరపు అడుగులు. వాటి స్థానంలో కట్టిన బహుళ అంతస్తుల భవనాలలో 500 చదరపు అడుగుల ఇళ్ళకు 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. ఇల్లు పెద్దదయింది, సంతోషమే. కాని వరండా పోయింది. వరండాతో పాటు, "వాణ్ణి పిలువకు వదినా, వాడు మా మిషన్ చెడగొట్టిండు" అని చెప్పే పక్కింటి గొంతు కూడా దూరమైంది. ముఖపరిచయం చేసిపెట్టిన పనిని ఇకమీదట మన ప్రశ్నలూ, రశీదు కాగితమూ చేయాలి.

మెకానిక్‌ను పిలవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆ వస్తువును ఒకసారి మనమే చూడాలి. తెలుగు ఇంటి మిక్సీ ఎంత కష్టజీవో మీకు తెలుసు. ఇడ్లీ పిండి, అల్లం వెల్లుల్లి, ఎండుమిరపకాయలు అన్నీ దాని మీదే. బరువు ఎక్కువైతే అది ఆగిపోతుంది. చాలా మిక్సీలకు అడుగున ఎర్రటి చిన్న మీట ఉంటుంది. మోటారు కాలిపోకుండా కరెంటు ఆపేది అదే. ప్లగ్గు తీసి, జారు దించి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, ఆ మీట నొక్కితే చాలాసార్లు మళ్ళీ తిరుగుతుంది. ఈ మీట నొక్కినందుకే మూడు వందలు ఇచ్చుకున్న ఇల్లాళ్ళు ఉన్నారు. వాషింగ్ మిషన్ నీళ్ళు వదలకపోతే ముందు గొట్టం మడత పడిందేమో, ఫిల్టరులో చిల్లర నాణెమో, గుండీయో ఇరుక్కుందేమో చూడండి. ఫ్రిజ్ చల్లబడకపోతే తలుపు రబ్బరు సరిగా అతుకుతున్నదా, వెనుక గోడకు మరీ ఆనించి పెట్టామా, వెనుక జాలీ మీద దుమ్ము పేరుకున్నదా అని చూడండి. ఖోలీలో స్థలం చాలక ఫ్రిజ్‌ను గోడలోకి నెట్టేస్తాం. లోపలి వేడి బయటికి పోవడానికి దారి లేకపోతే ఎంత మంచి ఫ్రిజ్ అయినా అలసిపోతుంది.

ఇవన్నీ చూసినా లాభం లేకపోతే అప్పుడు ఎవరిని పిలవాలి? వారంటీ కాలం మిగిలి ఉంటే బయటి మెకానిక్‌ను ముట్టుకోనివ్వకండి. ఒకసారి బయటివాడు విప్పితే కంపెనీవాళ్ళు వారంటీ చెల్లదనే ప్రమాదం ఉంది. కంపెనీ ఫోను నంబరు వారంటీ కార్డు మీదో, వస్తువు వెంట వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. అక్కడినుంచే తీసుకోండి. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు కొట్టి, మొదట కనిపించిన నంబరుకు ఫోను చేయడం ఈ రోజులలో చాలా ప్రమాదం. కంపెనీ పేరుతో దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. "ముందుగా పది రూపాయలు కట్టండి, ఈ యాప్ ఎక్కించుకోండి, వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటారు. ఫ్రిజ్ సంగతి దేవుడెరుగు, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. మెకానిక్‌ను ఇంటికి పంపడానికి ఎవరికీ మీ ఓటీపీ అవసరం లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు.

ఇక మెకానిక్ వచ్చాడనుకుందాం. కామాఠీపురలో ఒక అత్తమ్మ మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉంది. కొడుకు డ్యూటీకి, కోడలు కుట్టుపనికి వెళ్ళారు. వచ్చినతను ఫ్రిజ్ వెనుక చెయ్యి పెట్టి చూసి, రెండు నిమిషాలలో "గ్యాస్ ఖతమ్ హో గయా, మాజీ" అంటాడు. ఇంత అవుతుంది అని వేలల్లో ఒక మాట చెబుతాడు. ఆమెకు హిందీ వచ్చు గాని ఫ్రిజ్ భాష రాదు. ఫ్రిజ్‌లో కోడలి బిడ్డ మందు ఉంది, రాత్రి పాలు ఉన్నాయి. సరే అంటుంది.

ఇక్కడే ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. ఫ్రిజ్‌లోని గ్యాసు వంటగ్యాసు లాగా వాడుతుంటే అయిపోయేది కాదు. గొట్టాలలో మూసివేసి ఉంచిన ఆ గ్యాసు లోపలే తిరుగుతూ, ద్రవంగా మారుతూ, మళ్ళీ గ్యాసవుతూ లోపలి వేడిని బయటికి మోసుకు పోతుంది. అది పదేళ్ళయినా తరగనక్కరలేదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడిందన్నమాట. ఆ చిల్లి మూయకుండా గ్యాసు నింపితే, పగిలిన కుండలో నీళ్ళు పోసినట్టే. నెల తిరక్కముందే ఫ్రిజ్ మళ్ళీ వేడెక్కుతుంది, మళ్ళీ అదే మాట వినిపిస్తుంది.

కాబట్టి అత్తమ్మ అడగవలసిన మాట ఒక్కటే: "గ్యాసు పోయిందంటున్నవు గదా బిడ్డా, ఎక్కడ నుంచి పోయింది, చూపియ్యి." నిజమైన పనివాడు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. గొట్టం అతుకుల దగ్గర నూనె మరక చూపిస్తాడు, లేదా సబ్బు నురగ రాసి బుడగలు చూపిస్తాడు. తరువాత ఆ చిల్లిని అతికించి, పంపుతో లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగివేసి, ఎంత గ్యాసు పట్టాలో తూకం వేసి నింపుతాడు. ఎంత గ్యాసు, ఏ రకం అన్నది ఫ్రిజ్ వెనుక అంటించిన కాగితం మీదే రాసి ఉంటుంది. ఈ మధ్యకాలపు ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్-600ఎ అనే గ్యాసు ఉంటుంది, అది నిప్పంటుకునే గ్యాసు. పది అడుగుల ఖోలీలో పక్కనే పొయ్యి వెలుగుతుండగా దానితో పని చేయించకూడదు. కిటికీ తలుపులు తెరిచి, దీపం, అగరుబత్తి కూడా ఆర్పివేసిన తరువాతే ముట్టుకోనివ్వాలి.

ఏసీల సంగతీ ఇంతే. బొంబాయి సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. బయట వేలాడే ఏసీ పెట్టె గొట్టాలను అది నెమ్మదిగా తింటుంది. అందుచేత అక్కడ గ్యాసు నిజంగానే కారిపోవడం ఉంది. కాని ప్రతి సంవత్సరం గ్యాసు నింపించుకోవాలని ఎవరైనా చెబితే, అది సముద్రం చేసే పని కాదు.

గ్యాసు తరువాత రెండో పెద్ద మాట కంప్రెసర్. ఫ్రిజ్‌కు అది గుండె వంటిది, ఖరీదు వేలల్లో ఉంటుంది. దాని పక్కనే అరచేతిలో ఇమిడే రిలే అనే భాగమూ, ఓవర్‌లోడ్ అనే భాగమూ ఉంటాయి. వాటి ధర వందలలోనే. రిలే చెడిపోతే కంప్రెసర్ ఒకసారి మూలిగి, టిక్కుమని ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ అదే వరస. ఆ చప్పుడు విని కంప్రెసర్ పోయిందని చెప్పేవాళ్ళు ఉన్నారు. కొందరు తెలియక చెబుతారు, కొందరు తెలిసే చెబుతారు. "రిలే మార్చి చూసినవా?" అని అడగండి. ఆ ఒక్క మాటతో ధర వేల నుంచి వందలకు దిగడం కద్దు. ఇంకొక మాట కూడా. పదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలతో రాసేది చాలావరకు కంప్రెసర్‌కు మాత్రమే. గ్యాసు, కూలీ, రాకపోకల ఖర్చు అందులో చేరకపోవచ్చు. చిన్న అక్షరాలు చదివించుకోవాలి.

కామాఠీపుర వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. రేడియో, టీవీ, కరెంటు సామాన్ల విడిభాగాలకు పేరుపడిన లామింగ్టన్ రోడ్డు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. ఖరీదైన భాగం ఏదైనా మార్చాలంటే, దాని నంబరు రాయించుకుని, ఇంట్లో ఉన్న కుర్రవాణ్ణి పంపి రెండు దుకాణాలలో ధర అడిగించవచ్చు. మెకానిక్ కొంత లాభం వేసుకోవడం న్యాయమే. నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చినవాడికి, ఏమీ మార్చకపోయినా, వచ్చినందుకు ఇచ్చే రుసుమూ న్యాయమే. ఆ రుసుము ఎంతో ఫోనులోనే అడిగి, రిపేరు చేయించుకుంటే అది మొత్తంలో కలుస్తుందా, విడిగానా అని తేల్చుకోవాలి. మొత్తం ఖర్చు మూత విప్పకముందే ఒక చీటీ మీద రాయించుకోండి. మార్చిన పాత భాగం మీకే ఇచ్చి పోవాలని కూడా అప్పుడే చెప్పండి. ఈ షరతు వింటే, మార్చకుండానే మార్చానని చెప్పే అలవాటున్నవాడు జాగ్రత్తపడతాడు.

వస్తువును దుకాణానికి తీసుకుపోతానంటే ఆ ఇరుకు మెట్ల మీద దించకముందే దాని మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాసుకుని, ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఏ భాగాలు ఉన్నాయో, ఏనాటికి తిరిగి ఇస్తాడో రాసి సంతకం పెట్టిన రశీదు తీసుకోండి. మంచి కంప్రెసర్ లోపలికి పోయి, పాతది బయటికి వచ్చిన కథలు ప్రతి చాల్‌లోనూ ఉన్నాయి.

ఇంకొక విషయం డబ్బుకు సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. పాత ఇళ్ళలో ఎర్తు తీగ సరిగా ఉండదు. మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నంత మాత్రాన గోడలో ఎర్తు ఉందని కాదు. ఫ్రిజ్ తలుపు తాకితే జివ్వుమంటున్నదంటే, ముఖ్యంగా వానాకాలం తడి చేతులతో, దానిని "కొంచెం కరెంటు కొడుతుంది" అని సర్దుకుపోకూడదు. వెంటనే ప్లగ్గు తీసివేయాలి. రిపేరుకు వచ్చినవాడి చేత ఎర్తు చూపించుకోండి. వీలైతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించండి. మనిషి ఒంటిలోకి కరెంటు పారితే అది రెప్పపాటులో ఆపేస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి అయితే ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. దానిని ఇంట్లో ఎవరూ విప్పకూడదు.

పని అయిన తరువాత బిల్లు. "బిల్లు ఎందుకమ్మా, బిల్లయితే జీఎస్టీ పడుతుంది" అంటారు. జీఎస్టీ వసూలు చేసేవాడి బిల్లు మీద పదిహేను అక్షరాల నమోదు నంబరు ఉండాలి. ఆ నంబరు లేనివాడికి పన్ను అడిగే హక్కు లేదు. నమోదు లేని చిన్న మెకానిక్ అయినా పేరు, తేదీ, మార్చిన భాగం, తీసుకున్న డబ్బు, ఎన్నాళ్ళ హామీ అన్నది కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు రశీదు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతులలో ఒకటి. ఆ సంగతి నెమ్మదిగా, తగువు పడకుండా చెబితే చాలామంది రాసి ఇస్తారు.

అయినా మోసం జరిగితే 1915 అనే నంబరు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడ పదిహేడు భాషలలో మాట్లాడవచ్చు, అందులో తెలుగు ఒకటి. హిందీలో తడబడే మన అత్తమ్మ తన బాధ తన మాటలోనే చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి దాఖలు రుసుము లేదు, వకీలు ఉండితీరాలన్న నియమమూ లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటనే వేయవచ్చు. అంటే బొంబాయిలో రిపేరు చేయించి, తరువాత ఊరికి తిరిగి వచ్చేసిన వాళ్ళు తమ జిల్లాలోనే వేసుకోవచ్చు. కాకపోతే చేతిలో ఆ చీటీ, ఆ రశీదు ఉండాలి.

ఈసారి బొంబాయికి ఫోను చేసినప్పుడు, పిల్లల చదువులూ పెళ్ళి సంబంధాలూ మాట్లాడిన తరువాత, 1915, 1930 అనే రెండు నంబర్లు మీ వాళ్ళ చేత ఫ్రిజ్ తలుపు మీదే రాయించి అంటింపజేయండి.